కొండ ఒకరిది, కట్టెల హక్కు మరొకరిది

ప్రశ్న: అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఒక ప్రైవేటు యజమాని కొండపై పశువులను మేపుకొనే హక్కు తొలి వలసదారుల వారసులకు ఉందని కోర్టు తీర్పిచ్చినట్లు చదివాను. ఫలానా వంశంలో పుట్టినంత మాత్రాన పరాయి భూమిపై హక్కు ఎలా వస్తుంది?
– ఒక పాఠకుడు

జవాబు: పుట్టుకతో రాదు. మీరు చదివిన తీర్పు ప్రకారం ఆ హక్కు మనిషిని కాక పొలాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది.

1844లో, ఆ ప్రాంతం ఇంకా మెక్సికో ఏలుబడిలో ఉండగా, గవర్నర్ మాన్యుయెల్ ఆర్మిహో సుమారు పది లక్షల ఎకరాల సాంగ్రె డి క్రిస్టో గ్రాంటును (ప్రభుత్వం ఇచ్చిన భూమిని) మంజూరు చేశాడు. అది చివరకు కార్లోస్ బోబియన్ చేతికి వచ్చింది. ఆయన అక్కడికి వలస కుటుంబాలను రప్పించి, సన్నని పొడవాటి పట్టీలుగా పొలాలు పంచాడు. దాదాపు 8,000 అడుగుల ఎత్తున ఉన్న ఆ లోయలో పట్టీ మీద పంట పండుతుందే గాని, మందకు చాలినంత మేత, చలికాలానికి కట్టెలు, ఇంటికి దూలాలు కావాలంటే కొండ ఎక్కవలసిందే. అందుకే బోబియన్ 1863లో రాసిన పత్రంలో పచ్చిక, నీరు, కట్టెలు, కలప నివాసులందరూ వాడుకోవచ్చునని, అయితే ఒకరివల్ల మరొకరికి నష్టం కలగరాదని పేర్కొన్నాడు.

1960లో జాక్ టేలర్ అనే కలప వ్యాపారి సుమారు 77,000 ఎకరాల కొండ భాగాన్ని కొని దారులు మూయించాడు. స్థానికుల మేత, కట్టెల హక్కుల ప్రస్తావన ఆయన దస్తావేజులోనే ఉంది. తెలిసి కొన్నవాడు తెలియనట్లు ప్రవర్తించాడనే నా అభిప్రాయం. అయినా ఫెడరల్ కోర్టులో మొదట ఆయనే గెలిచాడు. స్థానికులు 1981లో మళ్ళీ దావా వేయగా, కొలరాడో సుప్రీంకోర్టు 2002లో మేత, వంటచెరకు, కలప హక్కులను గుర్తించింది. బోబియన్ పత్రంలో ఊసే లేని వేట, చేపలు పట్టడం, విహారం వంటివాటిని మాత్రం నిరాకరించింది.

కాబట్టి అక్కడ చూపవలసింది వంశవృక్షం కాదు, నాటి పట్టీ నుంచి నేటి పొలం దాకా తెగకుండా వచ్చిన దస్తావేజుల వరుస. తాతల నాటి పొలం అమ్ముకున్న వారసుడికి హక్కు పోతుంది, దాన్ని కొన్న కొత్తవాడికి సంక్రమిస్తుంది. అయితే ఇలాంటి గ్రాంట్లన్నిటికీ ఇదే న్యాయం జరగలేదు. న్యూమెక్సికోలోని ఒక గ్రాంటు విషయంలో, పంచకుండా మిగిలిన ఉమ్మడి భూములు ప్రభుత్వానికే చెందుతాయని అమెరికా సుప్రీంకోర్టు 1897లో తేల్చింది.