తెల్లబట్టకు గర్భసంచి తీయించుకోవాలా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 36 ఏళ్ళు. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. ఏడాది నుంచి తెల్లబట్ట అవుతోంది, విరిగిన పాల ముక్కల్లా పడుతుంది. దురద భరించలేకపోతున్నాను, ఒంటికి వెళ్తే మంట. రాత్రిపూట మూడు నాలుగుసార్లు ఒంటికి లేస్తున్నాను. మా ఊరి ఆర్‌ఎంపీ వేడి చేసిందని ప్రతిసారీ యాంటీబయాటిక్ ఇస్తున్నాడు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజులు నెమ్మదిస్తుంది, మళ్ళీ మామూలే. పుండ్లు కడిగే మందు నీళ్ళల్లో కలిపి లోపల కూడా కడుగుతున్నాను. టౌన్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్తే స్కానింగ్ తీసి, గర్భసంచి మూతికి పుండు ఉంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం అన్నారు. మా అత్త, తోటికోడలు ఇద్దరూ తీయించుకున్నవాళ్ళే. “ఇక పిల్లలు అక్కర్లేదుగా, పీడ పోతుంది” అంటున్నారు. మిర్చి కోతలు అయ్యాక చేయించుకుందామనుకుంటున్నాం. ఇలా తెల్లబట్ట పోతుంటే ఎముకలు కరిగిపోతాయంట కదా, అదీ భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో గర్భసంచి తీయించుకోవలసిన కారణం ఒక్కటీ నాకు కనబడలేదు. ఆపరేషన్‌కు తేదీ తీసుకుని ఉంటే ముందు అది ఆపండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

మీరు చెప్పిన దురద, మంట, ముక్కలుగా పడే తెల్లబట్ట, ఈ మూడూ కలిస్తే చాలావరకు అది క్యాండిడా అనే ఫంగస్ పని. అది ఉండేది యోనిలో, గర్భసంచిలో కాదు. సంచి తీసేసినా యోని ఉంటుంది, ఫంగస్ కూడా ఉంటుంది. ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకే అదే దురదతో మళ్ళీ వచ్చినవాళ్ళకు నేను వైద్యం చేశాను. కోత నొప్పి, అప్పు మిగిలాయి, దురద మాత్రం పోలేదు.

రాత్రిపూట మూడు నాలుగుసార్లు లేస్తున్నానని మీరు మాటవరసకు రాశారు. నేను అక్కడే ఆగిపోయాను. షుగర్ ఉండి అదుపులో లేకపోతే ఈ ఫంగస్ ఎన్ని మందులు వాడినా తిరగబెడుతుంది. రేపే పరగడుపున రక్తపరీక్ష చేయించుకోండి, గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించగలిగితే ఇంకా మంచిది. షుగర్ ఉందని తేలితే మీ ఏడాది బాధకు మూలం అక్కడే దొరకవచ్చు.

ఎముకల సంగతి చెబుతాను. తెల్లబట్టలో ఎముకల సారం ఏమీ పోదు. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళందరికీ కొంత తడి ఉంటుంది, నెల మధ్యలో అది గుడ్డు తెల్లసొనలా సాగుతుంది కూడా. దురద, చెడు వాసన లేకపోతే దానికి మందు అక్కర్లేదు. యోనిలో లాక్టోబాసిల్లై అనే మంచి బ్యాక్టీరియా ఉండి, లోపల పీహెచ్‌ను 3.8 నుంచి 4.5 మధ్య పులుపుగా ఉంచుతుంది. మీరు మందునీళ్ళతో లోపల కడిగినప్పుడూ, ఊరికే యాంటీబయాటిక్ మింగినప్పుడూ చచ్చిపోయేది ఆ బ్యాక్టీరియానే. ఫంగస్‌ను యాంటీబయాటిక్ ఏమీ చేయదు, పైగా దానికి చోటు ఖాళీ చేసిపెడుతుంది. రెండూ ఆపేయండి. బయట మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు.

ఎముకలు గుల్లబారేది ఎప్పుడంటే, ఈ వయసులో సంచితోపాటు అండాశయాలు కూడా తీసేసినప్పుడు. ఒక్కసారిగా ముట్లుడిగిన స్థితి వచ్చేస్తుంది, ఎముకలకూ గుండెకూ దెబ్బ. అండాశయాలు ఉంచినా ఆ స్థితి కొంత ముందుగా రావచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015–16 లెక్కల్లో, 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంమీద నూటికి సుమారు ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది ఉన్నారు. మీ అత్తగారు, తోటికోడలు అనుభవించింది మీ ఇంటికే పరిమితం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు దీనిమీద చాలా కోపం ఉంది.

ఇక ఆ “పుండు”. గర్భసంచి మూతి లోపలి పొర కొందరికి బయటికి కనబడుతుంది, ఎర్రగా ఉంటుంది. దాన్నే పుండు అనేస్తారు. అది పుండు కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. పైగా అది స్కానింగ్‌లో తెలిసేది కాదు, పరికరం పెట్టి కంటితో చూడాలి. మీకు అలా చూశారా? క్యాన్సర్ భయం తీరాలంటే మూతి నుంచి కణాలు తీసి చూసే పాప్ పరీక్ష గానీ, మూతికి ఆసిటిక్ యాసిడ్ రాసి చూసే వీఐఏ పరీక్ష గానీ చేయించుకోండి. 30 దాటిన ప్రతి స్త్రీ చేయించుకోవలసిందే, ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. భర్తతో కలిసిన తర్వాత రక్తం కనబడినా, నెలసరి మధ్యలో కనబడినా, రక్తం కలిసిన దుర్వాసన తెల్లబట్ట అయినా మాత్రం మిర్చి కోతల దాకా ఆగకండి.

మందు దగ్గరికొస్తే, జిల్లా ఆస్పత్రిలో ఇలాంటి ఇన్‌ఫెక్షన్లు చూసే సురక్ష క్లినిక్ ఉంటుంది, లేదా స్త్రీల వైద్యురాలికి చూపించుకోండి. ఫంగస్ అని తేలితే రాత్రిళ్ళు యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలు గానీ, నోటితో వేసుకునే ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి గానీ ఇస్తారు. ఏడాదిలో మూడుసార్లు, అంతకుమించి వచ్చేవాళ్ళకు అది చాలదు. మూడేసి రోజుల తేడాతో మూడు మాత్రలు, ఆ తర్వాత వారానికొకటి చొప్పున ఆరు నెలలు వేస్తారు. ఇది డాక్టరు చూస్తుండగా వాడవలసిందే, గర్భిణులు అసలు వేసుకోకూడదు. మీ ట్యూబు మీద ఏం రాసి ఉందో కూడా ఆమెకు చూపించండి. అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. అది దురదను అణచిపెట్టి చర్మాన్ని పలచబరుస్తుంది, ఫంగస్‌ను పెరగనిస్తుంది.

ఇది చదివే వేరేవాళ్ళు ఇవే మందులు కొనుక్కోకండి. పలచగా, బూడిద రంగులో, చేప నీచు వాసనతో అయితే అది బ్యాక్టీరియా తేడా, మెట్రోనిడజోల్ ఏడు రోజులు వాడాలి. పసుపుపచ్చగా నురగతో అయితే ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి కావచ్చు, భర్త కూడా మందు వేసుకోకపోతే మళ్ళీ వస్తుంది.

మీ ఆయన్ని కూడా వెంట తీసుకెళ్ళండమ్మా, ఆపరేషన్ ఎందుకు వద్దో ఆయన డాక్టరు నోటినుంచే వింటారు. షుగర్ రిపోర్టు వచ్చాక అంకెలతో సహా నాకు రాయండి.