నెల సరుకులకు 25 కిలోల బస్తా చాలదండి

రావులపాలెం నుంచి అడిగిన ప్రశ్న: 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో మావోయిస్టులకూ వ్యతిరేక దళాలకూ జరిగిన పోరుకు భయపడి చింతూరు అడవుల్లోకి వచ్చేసిన గొత్తికోయ ఆదివాసీ కుటుంబాల్లో నలభైకి, ఇంటికో 25 కిలోల బియ్యం బస్తా ఇస్తే నెల గడుస్తుందా?

గడవదండి. శరణార్థుల రేషన్‌కు లెక్క మనిషికి రోజుకు 2100 కిలోకేలరీలు. బియ్యం 400 గ్రాములు, పప్పు 60, నూనె 25, ఉప్పు 5. అంతటితో సరిపోదు, వేరుశనగ గుళ్ళు 40, బెల్లం 15 కలపండి. అయిదుగురున్న ఇంటికి నెలకు బియ్యం 60 కిలోలు, పప్పు 9, గుళ్ళు 6, నూనె సుమారు 4 లీటర్లు. మీ బస్తా పన్నెండు రోజులకే ఖాళీ. డబ్బు చాలకపోతే రోజులు తగ్గించండి గానీ ఇళ్ళు తగ్గించకండి. పక్కింటికి అందలేదంటే అక్కడే గొడవ మొదలు.

మిల్లులో పాత స్వర్ణ రకం బియ్యం అడగండి. కొత్త బియ్యం ముద్దవుతుంది, తేమ 14 శాతం దాటితే బస్తాలోనే బూజు పడుతుంది. కందిపప్పు కంటే పెసరపప్పు మేలు, త్వరగా ఉడుకుతుంది, కట్టెలు కలిసొస్తాయి. వ్యానులో నూనె ప్యాకెట్లు బియ్యం మీద పెట్టొద్దు. ఉప్పు అయొడైజ్డ్‌దే కొనండి.

పాలపొడి మాత్రం, ఎవరు ఊరికే ఇచ్చినా, వద్దు. వాగు నీళ్ళతో కలిపి పడితే పసిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. సరుకులు తీసుకునే చీటీలు ఇంటి ఆడవాళ్ళ పేరిట రాసి, ముందురోజే ఊళ్ళో అందరికీ వినపడేలా చదివించండి.