ముందు గుండీలున్న చొక్కా వేసుకెళ్ళు

చిరంజీవి శీనుకి, పెదనాన్న దీవించి రాసేది.

నెలలు నిండకుండా పుట్టిన పాపని ఆస్పత్రిలో పెట్టుకుని, నిన్న ఫోన్‌లో "అంతా బానే ఉంది పెదనాన్నా" అన్నావు. ఆ గొంతు నాకు తెలుసురా. 1998లో మీ అన్న 31వ వారానికే పుట్టినప్పుడు నేనూ ఊరందరికీ అదే మాట చెప్పాను. వాడు 1,350 గ్రాములు.

పాప చేతికి కట్టిన ట్యాగ్ మీద తల్లి పేరే ఉంటుంది. నువ్వు సంతకాలు పెట్టి, మందుల షాపుకి పరిగెత్తి, "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని పిలిస్తే లేచేవాడివి. ఆ తిరుగుడు తప్పదు. నేను మాత్రం నాలుగు రోజులు దాని చాటునే దాక్కున్నాను. లోపలికెళ్ళి చూడాలంటే భయం. ఐదో రోజు నర్సమ్మే "చేతులు కడుక్కుని రండి, మీ బాబేగా" అంది.

ఉంగరం, వాచీ తీసేసి మోచేతుల దాకా కడుక్కో. పాపని నిమరకు. నెలలు నిండని పిల్లలు ఆ నిమురుడికి చికాకు పడతారు. ఒక అరచెయ్యి తల మీద, ఇంకోటి పాదాల దగ్గర కదల్చకుండా ఉంచు. మీ అన్న నా చిటికెనవేలు పట్టుకున్నాడు. దాని చుట్టూ తిరగడానికి కూడా వాడి వేళ్ళు చాల్లేదు.

మానిటర్ మోగుతుంది. వైరు కాస్త వదులైనా, పాప కాలు కదిపినా మోగుతుంది. ఒక్కోసారి ఇంత చిన్నపిల్లలు ఊపిరి తీయడమే కాసేపు మరిచిపోతారు, నర్సు పాదం తట్టగానే అందుకుంటారు. నేను అంకెలు చూడటం మానేసి నర్సు ముఖం చూడటం నేర్చుకున్నాను. మొదటి వారం బరువు తగ్గితే కంగారు పడకు. మీ అన్న 1,240కి దిగి, పుట్టిన బరువుకి రావడానికి రెండు వారాలు తీసుకున్నాడు.

కోడలు ఒక ఆస్పత్రిలో, పాప ఇంకోచోట. కాబట్టి పాలు మోసే పని నీది. రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్ళు కూడా పిండాలి. మొదట్లో చెంచాడైనా రావు, ఆ చుక్కలే పట్టుకెళ్ళు. సీసా మీద తేదీ, టైం రాసి ఐస్ పెట్టిన బాక్సులో తీసుకెళ్ళు. ముందు ట్యూబుతో పోస్తారు, తర్వాత మన ఉగ్గుగిన్నెతోనే.

కోడలి దగ్గర మాత్రం ఏమీ దాచకు. నేను మీ పెద్దమ్మకి రోజూ "పడుకున్నాడు, బాగున్నాడు" అనేవాణ్ణి. మూడో రోజు ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "అసలు ఉన్నాడా?" అని అడిగింది. బిడ్డ పోయాడనీ, నేను చెప్పడం లేదనీ అనుకుందట. ఆ మూడు రోజులు ఆవిడ ఏం పడిందో ఇప్పటికీ నేను అడగలేదు. డాక్టరు ఏం చెబితే అది, మంచైనా చెడైనా, ఆ పూటే చెప్పు. ఫోటో తీయనిస్తే తీసి చూపించు.

చుట్టాలొకరు "ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెలదైతేనే గండం" అంటారు. తప్పు. కడుపులో ఒక్క వారం ఎక్కువున్నా అంత మేలే. వాళ్ళతో వాదన పెట్టుకోకు, ఫోన్లన్నీ నా నంబరుకి మళ్ళించు.

ఒక్కటి మాత్రం కాగితం మీద రాసుకో. 34 వారాల లోపు పుట్టిన పిల్లలకి నెల తిరిగేలోగా రెటీనా పరీక్ష, అంటే కంటి లోపలి పొర చూసే పరీక్ష, జరగాలి, మరీ ముందు పుట్టినవాళ్ళకి ఇంకా ముందే. ఈలోగా డిశ్చార్జి చేస్తే ఎవరూ గుర్తు చేయకపోవచ్చు. ఆలస్యమైతే చూపుకే ప్రమాదం. వినికిడి పరీక్ష సంగతి కూడా అడుగు.

ఇక చొక్కా సంగతి. కంగారూ కేర్, అంటే పాపని గుండెకి ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టడం, ఎప్పుడు మొదలుపెడతారో డాక్టర్ని నువ్వే అడుగు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది. తల్లి రాలేని రోజుల్లో తండ్రి గుండె మీదైనా పడుకోబెట్టొచ్చు. డైపరు, టోపీ తప్ప పాపకి ఇంకేమీ ఉండవు, నీ ఒంటి వేడే దుప్పటి. టీషర్ట్‌తో వెళితే కుదరదు. గంటకి తక్కువ కాకుండా కూర్చోవాలి, ముందే బాత్రూమ్‌కి వెళ్ళిరా. నాకు ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే ఆ నాలుగు రోజులు కారిడార్లో కూర్చునేవాణ్ణి కాదు.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నా. పెద్దమ్మ కోడలికి పథ్యం కారప్పొడి కొట్టి ఇస్తోంది. ఆ రాత్రికి బయట కుర్చీలో నేనుంటాను, నువ్వెళ్ళి పడుకో.

ఇట్లు,
మీ పెదనాన్న