నానమ్మ ముంజేతికి అందే కబురు

ప్రశ్న: మా నాన్నగారు సరుకు ఓడలో ఇంజినీరు. ఒకసారి వెళితే ఆరేసి నెలలు సముద్రం మీదే ఉంటారు. నానమ్మకు వినికిడి బాగా తగ్గి ఫోనులో మాట్లాడలేకపోతోంది. ఆయన ఓడలో నొక్కితే ఇక్కడ నానమ్మ చేతికి కంపనం తెలిసే పట్టీని చివరి సంవత్సరం ప్రాజెక్టుగా చేయాలనుకుంటున్నాను. సలహా ఇవ్వగలరా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఆలోచన బాగుంది, కంపనం మాత్రం వద్దు. ఫోను గరగరలాడితే ఉలిక్కిపడే మనమే దాన్ని పలకరింపుగా తీసుకోము, ఇక పెద్దావిడ సంగతి చెప్పాలా! ముంజేయి వంటి రోమాలున్న చర్మంలో, సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడు బాగా స్పందించే నాడీ తంతువులు ఉన్నాయి. మీ వస్తువు ఆ వేగంతో నిమరగలగాలి.

1997లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో హిరోషి ఇషీ బృందం ‘ఇన్‌టచ్’ను పరిచయం చేసింది. మూడేసి రోలర్లున్న రెండు పరికరాలలో ఒకచోట దొర్లిస్తే రెండోచోటా దొర్లేవి. ఇద్దరూ ఒకేసారి పట్టుకుంటే ఎదుటి చేతి బలం కూడా తెలిసేది. అయితే అది యథాతథంగా మీకు కుదరదు. ఓడ వాడే ఉపగ్రహం భూస్థిర కక్ష్యలోనిదైతే దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కనుక, సంకేతం వెళ్లి బదులు రావడానికే సుమారు అర సెకను పట్టి, రెండు రోలర్లూ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. అందుచేత నాన్నగారు దొర్లించిన తీరును భద్రపరచి, నానమ్మగారు ముంజేయి ఆనించినప్పుడే అది కదిలేలా ఏర్పాటు చేయండి.

ఇంతకన్నా జాగ్రత్తపడవలసింది కబురు రాని రోజు గురించి. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వచ్చిన పూటే రోలరు కదలకపోతే ఆ తల్లి మనసు ఎక్కడికి పోతుందో ఊహించండి. అలాగని పాత కదలికనే కొత్తదిగా నమ్మించడం మోసం. కొత్తది వచ్చినప్పుడు రోలరు గోరువెచ్చగా ఉండాలి, పాతది చల్లగానే కదలాలి. ఈ తేడాను ఆవిడకు ముందే తెలియజేయండి.

పక్కనే లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక ఉండగా ప్లాస్టిక్ ఎందుకు? అంకుడు కర్రతో, లక్కపూతతో చేయించండి. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఒంటి వెచ్చదనాన్ని మించనివ్వకండి. మన ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా లోపలి తీగల అతుకులకు పూత తప్పనిసరి.

మోటారు వేగాన్ని ఇప్పుడే ఖాయం చేయకండి. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు నాన్నగారు తల్లి చేతిని ఎలా నిమురుతారో, ఎక్కడ ఆగుతారో చూసి, దాన్నిబట్టి నిర్ణయించండి.