రక్తస్రావం ఆగనప్పుడు ముందు స్కానింగ్, సంతకం సంగతి తర్వాత

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. నాకు 27 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఆయన సూరత్‌లో మిల్లు పనికి వెళ్లారు. మళ్లీ నెల తప్పితే ఆసుపత్రికి వెళ్లాను, భర్త సంతకం కావాలని పంపేశారు. అమెరికాలో అబార్షన్లు ఆపేశారని టీవీలో చూసి ఇక్కడా చట్టం మారిందనుకున్నాను. పాతపట్నంలో మందుల షాపులో గర్భం పోయే మాత్రల కిట్ కొని అయిదు మాత్రలూ ఒకే రాత్రి వేసుకున్నాను. 18 రోజులైంది, రక్తం ఇంకా పోతోంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. నా మీద కేసు అవుతుందా? ఆయన సంతకం నిజంగా కావాలా?

జవాబు: అమ్మా, మీరు కేసు గురించి అడిగారు గానీ, నాకు భయం వేస్తున్నది మీరు చివర రాసిన ఆ కళ్లు తిరగడం గురించి. ఇన్ని రోజులు రక్తం పోయిందంటే గర్భం పూర్తిగా పడిపోక కొంత లోపలే మిగిలి ఉండవచ్చు, ఒంట్లో రక్తం బాగా తగ్గి ఉండవచ్చు, రెండూ కావచ్చు. మిమ్మల్ని పరీక్షించకుండా ఇంతకు మించి చెప్పడం సరికాదు కనుక ఇవాళే జిల్లా ఆసుపత్రికి వెళ్లండి. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, జ్వరం, దుర్వాసన ఉన్నా, పొత్తికడుపులో ఒక పక్కనే పోటు గానీ భుజం నొప్పి గానీ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆ ఒక పక్క పోటును తేలిగ్గా తీసుకోవద్దు. నూటికి ఒకటి రెండు గర్భాలు గర్భసంచిలో కాక దాని పక్కనుండే ట్యూబులో నిలుస్తాయి, అవి ఈ మాత్రలకు పడిపోవు, ట్యూబు పగిలితే రక్తం లోపలే పోతుంది. షాపులో మీకు స్కానింగ్ అయిందా అని అడిగినవారు లేరు, రక్తం గ్రూపు నెగెటివా అని చూసినవారు లేరు, మొదటి మాత్రకూ మిగతా నాలుగింటికీ ఒకటి రెండు రోజుల ఎడం ఉండాలని చెప్పినవారూ లేరు. తొమ్మిది వారాల లోపు మేమూ అవే మాత్రలు ఇస్తాం, కానీ ఇవన్నీ చూశాకే ఇస్తాం. సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్న కుటుంబాలు మన వైపు ఎక్కువ, చాలామందికి రక్తం అసలే తక్కువ. కిందటి వానాకాలం కొండ మీది ఊరి నుంచి ఒకామెను మంచం మీద మోసుకొచ్చారు. కింది రెప్ప లాగి చూస్తే లోపలంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆమె కూడా మాత్రలు మింగి, అదే ఆగుతుందిలే అని మూడు వారాలు చూసింది. మూడు సీసాల రక్తం ఎక్కించాక గాని కోలుకోలేదు. చదువుకున్నవారు, ఉత్తరం రాయగలిగినవారు, మీరు ఇన్నాళ్లు ఎందుకు ఆగారమ్మా?

సంతకం మాటకొస్తే, 18 ఏళ్లు నిండిన స్త్రీకి తన అంగీకారం ఒక్కటే చాలని 1971 నాటి గర్భస్రావ చట్టంలోనే ఉంది. 2021 సవరణ ఆ చట్టాన్ని ఇంకా సడలించింది: 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం, కొన్ని పరిస్థితుల్లో 24 వారాల దాకా ఇద్దరి అభిప్రాయం సరిపోతుంది. మీరు టీవీలో చూసినది 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, దానికీ మన చట్టానికీ సంబంధం లేదు. కట్టడి చేసే చట్టం ఏం చేస్తుందో ఐర్లండ్‌లో చూశాం. 2012లో మన దేశం నుంచి వెళ్లిన దంతవైద్యురాలు సవితా హాలప్పనవర్‌కు 17 వారాల గర్భం నిలవదని తెలిసినా, పిండం గుండె కొట్టుకుంటోందని తీయలేదు, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ఆమె చనిపోయింది. 2018లో ప్రజలే ఓటు వేసి ఆ నిషేధాన్ని తొలగించారు. ఇక్కడ చట్టం అడ్డు లేకపోయినా, అక్కర్లేని సంతకం అడిగి తిప్పి పంపినవారు మిమ్మల్ని షాపు దారి పట్టించారు. అది నా వృత్తివారు చేసిన తప్పేనని ఒప్పుకుంటున్నాను.

కేసు భయంతో ఆసుపత్రికి దూరంగా ఉండవద్దు. చట్టం సందేహాలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా అడగవచ్చు, అవి నేను తేల్చేవి కావు. డాక్టరు దగ్గర మాత్రం మాత్రల సంగతి దాచవద్దు, దాన్ని బట్టే చికిత్స ఉంటుంది. రక్తం ఆగలేదని మళ్లీ ఇంకో కిట్ కొనవద్దు. ఒంటరిగా బస్సెక్కకుండా తోడికోడలినో పక్కింటావిడనో వెంటబెట్టుకుని వెళ్లండి, మాత్రల ఖాళీ అట్ట ఇంట్లో ఉంటే అదీ పట్టుకెళ్లండి.