పంపు పెద్దదే వేశారు, కరెంటు సరిపోతోందా?

ప్రశ్న: సర్, నాది 2002 హోండా సిటీ వీటెక్. టర్బో పెట్టించాను, బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) 0.7 బార్. పాత పెట్రోల్ పంపు చాలదంటే గంటకి 255 లీటర్ల వాల్బ్రో కంపెనీ పంపు కొని ట్యాంకులో వేయించాను, మెకానిక్ పాత సాకెట్‌కే వైర్లు కలిపేశాడు. మామూలుగా బాగానే పోతోంది గానీ 5,000 ఆర్‌పీఎం దాటి తొక్కితే మిక్స్చర్ మీటర్లో లీన్ (గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదని) చూపిస్తోంది. ఇంకా పెద్ద పంపు వేయాలా?
- ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దండి. ముందు అసలు బూస్ట్‌లో తొక్కడం ఆపండి, లీన్‌లో అలా లాగిస్తే పిస్టన్లు కరిగిపోతాయి.

మీ పంపు లోడ్ మీద 10, 12 ఆంపియర్ల దాకా లాగుతుంది, బూస్ట్ పెరిగేకొద్దీ ఫ్యూయల్ రైలులో (ఇంజెక్టర్లకి పెట్రోలు అందించే గొట్టం) ప్రెషర్ కూడా అంతే పెరగాలి కాబట్టి కరెంటు ఇంకా ఎక్కువ కావాలి. ఫ్యాక్టరీ వైరేమో చిన్న పంపుకి సరిపడా సన్నగా ఇచ్చింది. ఒక స్క్వేర్ ఎంఎం వైరు 5 మీటర్లు ఉంటే అందులోనే దాదాపు ఒక వోల్టు పోతుంది, పాత రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్), సాకెట్లు, తుప్పు పట్టిన ఎర్త్ తినేది వేరే. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ట్యాంకు మూసే ఉండాలి సుమా, పంపు సాకెట్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. బ్యాటరీ దగ్గర 14 ఉండి అక్కడ 12 వస్తుంటే దొంగ దొరికినట్టే.

బ్యాటరీ ప్లస్ నుంచి 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగి, బ్యాటరీ పక్కనే 20 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి, కారు వెనక ఒక రిలేలో 30 నంబరు పిన్నుకి ఇవ్వండి, 87వ పిన్ను నుంచి పంపుకి. పాత పంపు ప్లస్ వైరు 86కి, 85 ఎర్త్‌కి. పంపు ఎర్త్ కూడా అంతే లావు వైరుతో పెయింట్ గీకిన బాడీ మీద బిగించాలి. కొందరు డైరెక్టుగా ఇగ్నిషన్‌కో స్విచ్‌కో కలిపేస్తారు, దయచేసి అలా చేయించకండి, పాత వైరుతో రిలే నడిస్తే ఇంజన్ ఆగగానే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పంపుని ఆపేస్తుంది, డైరెక్టుగా ఇస్తే యాక్సిడెంట్‌లో పైపు తెగినా పంపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. మనుషులు లోపల ఉండగా.

ఇంకో అనుమానం ట్యాంకు లోపలి పైపు మీద. మామూలు ఫ్యూయల్ హోస్ బయటి రబ్బరు పెట్రోల్లో మునిగి ఉండటానికి చేసింది కాదు, ఉబ్బి మెత్తబడి చీలుతుంది, పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసింది. చీలితే పెట్రోలు ట్యాంకులోకే కారిపోయి మీరు చెప్పిన లక్షణమే కనిపిస్తుంది. పెట్రోల్లో మునిగి ఉండటానికే చేసిన, ఎస్‌ఏఈ 30ఆర్10 అని ముద్ర ఉన్న హోసే అడిగి తీసుకోండి, ఖరీదు చూసి వెనకాడొద్దు. క్లిప్పులు ఇంజెక్షన్‌వే, గాట్లున్న స్క్రూ క్లిప్పులు హోస్‌ని కోసేస్తాయి. పంపు కూడా నకిలీ కాదని చూసుకోండి, ఈ మోడల్‌కి నకిలీలు బాగా తిరుగుతున్నాయి.

ఇవన్నీ అయ్యాక ఫ్యూయల్ రైలుకి ప్రెషర్ గేజ్ తగిలించి, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) రెగ్యులేటర్ (పెట్రోలు ప్రెషర్‌ని అదుపు చేసేది) వాక్యూమ్ పైపు తీసి చూడండి. కంపెనీ చెప్పిన దానికంటే ఎక్కువ ఉంటే మిగిలిన పెట్రోలు ట్యాంకుకి తిరిగొచ్చే రిటర్న్ పైపు ఇరుకు అన్నమాట. బూస్ట్‌లో ప్రెషర్ 0.7 బార్ పెరగాల్సింది పెరగకపోతే పంపు వైపు ఇంకా లోపం ఉంది. ప్రెషర్ సరిగ్గా ఉండి కూడా లీనే అయితే రీడింగులతో మళ్ళీ రాయండి, ఇంజెక్టర్ల సైజు చూద్దాం.