కలిసే ఉంటున్నాం, కానీ తృప్తి లేదు. జోడీ కుదరనట్టేనా?

మీరు రాసింది చదివాను. పెళ్లై నాలుగేళ్లు. ఆయన మంచివాడే కానీ ఫోన్ ఎత్తకపోతే మీకు గుండె దడ. మీరు అడిగేకొద్దీ ఆయన ముడుచుకుపోతాడు. పెద్దవాళ్లేమో "కలిసే ఉన్నారుగా, ఇంకేం కావాలి" అంటున్నారు.

మాదీ అచ్చం ఇదే కథ, పదహారేళ్ల నుంచి. ఉండేది విజయవాడ సత్యనారాయణపురంలో. మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజను. టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య నిలబడితే ఫోన్ మోగినా వినపడదు, వినపడినా ఎత్తడనుకోండి. ఒకరోజు పదకొండుసార్లు చేశాను. పన్నెండోసారి ఎత్తి "చచ్చాననుకున్నావా ఏంటి?" అన్నాడు. ఆ మాటకి రెండు రోజులు నేను మాట్లాడలేదు. తమాషా ఏంటంటే, ఆ రెండు రోజులూ ఆయన హాయిగా ఉన్నాడు!

మా నాన్న లారీ డ్రైవరు. ఆటోనగర్ నుంచి లోడుతో వెళ్తే వారానికొస్తాడో నెలకొస్తాడో తెలిసేది కాదు. వచ్చినప్పుడు మాత్రం నేనంటే ప్రాణం పెట్టేవాడు. సందు చివర ఏ హారన్ వినపడినా గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. మా ఆయన్నేమో ఆరో తరగతిలోనే హాస్టల్లో వేశారు. వారానికి ఒక్క ఫోను, అదీ వెనకాల పిల్లలు లైన్లో నిలబడి వింటుండగా. ఏడిస్తే నవ్వేవాళ్లట. ఎవర్నీ ఏదీ అడక్కుండా బతకడం అక్కడే అలవాటైందని నా అనుమానం. (హాస్టల్లో చదివినవాళ్లంతా ఇంతేనని కాదు. మా మరిదిదీ అదే హాస్టలు, ఫోన్ పెట్టెయ్యమన్నా పెట్టడు.)

పసిపిల్లలకు పెంచేవాళ్లతో పడే ముడిని జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు అటాచ్‌మెంట్ అన్నాడు. 1987లో సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ అనే పరిశోధకులు ఆ లెక్కనే ప్రేమలకీ వేసి చూశారు. అమెరికాలో డెన్వర్ పేపరొకదాంట్లో ప్రశ్నలు వేస్తే, 56 శాతం మంది దగ్గరితనం తమకు సులువేనన్నారు. 25 శాతం మందికి ఎవరైనా మరీ దగ్గరకొస్తే ఇబ్బంది. మిగతా 19 శాతం మందిదీ మన బెంగే.

ఇది చదివిన ఊపులో నెట్‌లో దొరికిన క్విజ్ ఒకటి ఆయనకి పంపాను. "ఏంటిది, తేజ, బ్యాడిగి అని మిరపకాయలకి రకం కట్టినట్టు?" అన్నాడు. కోపమొచ్చింది కానీ ఆయనన్నదాంట్లో నిజముంది. తర్వాతి పరిశోధకులు మనుషుల్ని రకాలుగా విడగొట్టడం తగ్గించి, ఎవరిలో బెంగ ఎంత, దగ్గరితనం నుంచి తప్పుకునే గుణం ఎంత అని రెండు కొలతలుగా చూస్తున్నారు. ఆ పాళ్లు కాలంతో మారతాయి కూడా.

ఇక పెద్దవాళ్ల మాట. 1994లో కిర్క్‌ప్యాట్రిక్, డేవిస్ అనే ఇద్దరు, పెళ్లికాని 354 జంటల్ని మూడేళ్లు గమనించిన ఫలితాలు అచ్చయ్యాయి. బెంగపడే అమ్మాయి, తప్పుకునే అబ్బాయి ఉన్న జంటలు మొదట్లో తమ బంధానికి తక్కువ మార్కులే వేసుకున్నాయి. అయినా విచిత్రంగా నిలబడ్డాయి. నాకైతే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మీ పెద్దవాళ్లు నిలబడటం చూసి మాట్లాడుతున్నారు. మీరడిగేది ఆ మార్కుల సంగతి.

మాకు మార్కులు ఎలా పెరిగాయంటే, సూర్యారావుపేటలో ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను, ఒక్కదాన్నే. ఆయన రానన్నాడు. ఆవిడ ఒకటే అడిగారు: "ఆయన ఫోన్ ఎత్తాక ఏం మాట్లాడతారు?" ఏముంది, ఎక్కడున్నారు, తిన్నారా, అంతే. అప్పుడు వెలిగింది. ఎన్ని కబుర్లొచ్చినా, ఎప్పుడొస్తాయో తెలియకపోతే నా ప్రాణం గుమ్మంలోనే ఉంటుంది, నాన్న లారీ కోసం ఉన్నట్టు.

ఇంటికొచ్చి బేరం పెట్టాను. సాయంత్రం బస్సు కృష్ణ మీది కనకదుర్గ వారధి ఎక్కగానే "వారధి" అని ఒక్క మాట పంపండి. నేను పగలు ఫోన్ చెయ్యను, మీరు ఇంటికొచ్చాక అరగంట ఏమీ అడగను. ఆ అరగంట నాకు నరకమే, మొదటి వారమంతా అనవసరంగా గిన్నెలు తోమాను. మూడో నెలలో భోజనం దగ్గర ఆయనంతట ఆయనే యార్డు కబుర్లు మొదలుపెట్టాడు. తరమకపోతే ఈయన పారిపోడని అన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదు.

అయితే మాట్లాడకపోవడాన్ని శిక్షగా వాడే మనిషి దగ్గర, చెయ్యి చేసుకునే మనిషి దగ్గర ఈ బేరాలు పనికిరావు. అక్కడ సర్దుకోమని నేను చచ్చినా చెప్పను.

నిన్న మెసేజ్ రాలేదు. ఏడున్నరైంది, ఎనిమిదైంది. ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్లీ పక్కన పెట్టి, పప్పులో పోపు వేశాను. ఎనిమిదీ పదికి వచ్చాడు, ఛార్జింగ్ అయిపోయిందట. గుమ్మంలో చెప్పులు విప్పుతూ "వారధి" అన్నాడు.